వేడి కోడికి చెల్లని కార్డు

నాన్నా,

ఫ్రిజ్‌లో కాల్చిన కోడి ఉంది, తిను. తమ్ముడికో కాలు ఉంచు. తిండి కొనుక్కోమని సర్కారు ఇచ్చే ఫుడ్ స్టాంపుల కార్డుతోనే కొన్నాను, మొహం మాడ్చుకోకు.

నిన్న కొట్లో పొగలు కక్కే కోడి పట్టుకెళితే, గల్లా దగ్గర ఓపల్ అత్త "వేడి తిండికి ఈ కార్డు చెల్లదే పిల్లా, చల్లారిందైతే చెల్లుతుంది" అంది. "అయితే ఇక్కడే నిలబడి ఊదనా?" అన్నాను. "ఊదు, వరసలో వాళ్ళూ ఓ చెయ్యేస్తారు" అంది. రాత్రి మిగిలిన కోళ్ళని కొట్టువాళ్ళు ఫ్రిజ్‌లో పెట్టారు. పొద్దున్న కార్డు చెల్లింది. పేదవాళ్ళు వేడిది కొంటే దేశం కూలిపోతుంది కాబోలు. పొయ్యి మీద వేడి చేసుకో, కూలితే కూలనీ.

బల్ల మీద కార్డు పొడిగించే కాగితం ఉంది. సాయంత్రం ఐదులోగా ఆఫీసులో ఇవ్వకపోతే వచ్చే నెల నుంచి కార్డు ఆగిపోతుంది. "మనం అడుక్కునేవాళ్ళమా?" అని మళ్ళీ మొదలెట్టకు. గని మూసేదాకా ఇరవై రెండేళ్ళు బొగ్గు తవ్వి పన్ను కట్టింది నువ్వే. అందులో ఒక్క కోడైనా మనది. సంతకం పెట్టు.

ట్రెస్సా

అన్నట్టు, ఏడో తరగతి నుంచి నా మార్కుల కాగితాల మీద నీ సంతకం నేనే పెడుతున్నాను. నీకంటే నాకే బాగా వస్తుంది. దీని మీద మాత్రం నువ్వే పెట్టాలి నాన్నా.