ఆయన బైనాక్యులర్

కాప్రా, సికింద్రాబాద్
2 ఫిబ్రవరి 2025, ఆదివారం

రిచర్డ్ అన్నయ్యగారికి,

కల్పలత నమస్కారాలు. మోకాలి ఆపరేషన్ అయ్యాక మిమ్మల్ని బొల్లారం దాటనివ్వడం లేదని మేబెల్ వదినగారు ఫోన్‌లో చెప్పారు. మంచి పని చేశారు. మీరూ మా ఆయనా కలిసి చెరువుకు వెళ్ళి మోకాలిదాకా బురద లేకుండా తిరిగొచ్చిన రోజు ఒక్కటైనా ఉందా?

చెరువుల కబుర్లు అడిగారు. ఇవాళ పొద్దున వెళ్ళాను. ఆయన పనిచేసిన ఫ్యాక్టరీకి మౌలాలి వైపు గోడ ఇంకొంచెం కూలింది. అప్పట్లో ఫ్యాక్టరీవాళ్ళు మట్టి తవ్విన రెండు గుంతల్లోనూ నీళ్ళు బాగానే ఉన్నాయి. పెద్దదాంట్లో బాతులు దిగాయి. గట్టున నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. పాత పంపుహౌస్ కిటికీ ఊచ మీద లకుముకిపిట్ట. ఎప్పుడో గానీ రాని గూడబాతు కూడా వచ్చింది. ఆయనుంటే కూర తరుగుతున్న నన్ను లేపి మరీ ఈ సంగతి చెప్పేవారు.

ఫ్యాక్టరీ మూతపడినప్పుడు ఈ మనిషి ఏమైపోతాడోనని హడలిపోయాను. డ్యూటీ వేళకే టిఫిన్ డబ్బా పట్టుకుని మళ్ళీ అక్కడికే బయల్దేరారు, పిట్టల కోసం. శ్రావణంలో ఆయన పోయినప్పటి నుంచి నాకింకా ఏడుపు రాలేదన్నయ్యగారూ. వండుతున్నాను, తింటున్నాను, అన్నీ చప్పగానే ఉన్నాయి. ఆదివారం వస్తే ఆయన బైనాక్యులర్ మెడలో వేసుకుని పోతున్నాను.

పిట్టల్ని చూసే మీ గుంపులో కొత్తగా చేరిన తమన్నా, కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి, నా పక్కనే నిలబడుతుంది. జెర బైనాక్యులర్ మీది ఆ చక్రం తిప్పండి ఆంటీ, సాఫ్ కనిపిస్తది అని ఒకటే పోరు. బాగానే కనిపిస్తోందంటాను. ఆమెకు సొంత బైనాక్యులర్ లేదు, ఆయనది ఇస్తే పనికొస్తుందని మీరు రాశారు. సబబే. వచ్చే ఆదివారం ఇచ్చేస్తాను.

వదినగారిని అడిగానని చెప్పండి. మెట్లు దిగేటప్పుడు తొందరపడకండి.

మీ చెల్లెలు,
కల్పలత

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. పైన రాసిన పిట్టల్లో నేను సరిగ్గా చూసింది ఒక్కటీ లేదు. తమన్నా పేర్లు చెబుతుంటే విని రాశాను. ఆ చక్రం ఆయన కళ్ళకు సరిపోయేట్టు, ఆయన ఆఖరున చూసిన పిట్ట దగ్గర ఆగి ఉంది. నాకు అందులో అంతా మసకే. తిప్పితే కనిపిస్తాయని నాకూ తెలుసు. తిప్పాక, ఆయన ఎక్కడ ఆపారో ఇక ఎవరికీ తెలియదు. అందుకే ఆ మసకనే కాసేపు చూసి వస్తున్నాను. ఆ అమ్మాయికి వేరేది చూడండి అన్నయ్యగారూ. ఇది ఇవ్వలేను.