నక్షత్రాల దారిలో మజిలీలు

మిర్యాలగూడ, 12 ఆగస్టు 1991, సోమవారం

ఈరోజు తొమ్మిదో తరగతిలో నక్షత్రాల దూరాల గురించి చెప్పాను. వేరే లోకాల్లో మనకంటే తెలివైనవాళ్లున్నా ఇంత దూరం రాలేరని, దారిలోనే ముసలివాళ్లయి చనిపోతారని ధీమాగా పాఠం ముగించాను. అప్పుడు పెన్‌పహాడ్ దగ్గరి తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మంగ్లీ లేచింది.

"ఒక్కరే మొత్తం ఎందుకు రావాలె టీచర్? మా పెద్దోళ్లు ఎద్దుల మీద ఉప్పు ఏసుకొని, ఆడాడ ఆగుకుంట వచ్చిన్రంట. బయలెల్లింది ఒకలు, గీడికొచ్చింది వాళ్ల మన్మలు. గట్లనే చుక్క నుంచి చుక్కకు రారా?"

పదేళ్లుగా చెబుతున్న పాఠమే, అయినా ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

గుమ్మం బయట వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు. బిడ్డను బడి మాన్పించి రైస్ మిల్లు పనిలో పెట్టాలని టీసీ కోసం వచ్చాడట.

"గది మా అమ్మ చెప్పిన ముచ్చట టీచరమ్మా. బళ్లె గూడ పనికొస్తదా?" అన్నాడు.

"ఇవాళ నాకే పాఠమైంది," అన్నాను.

బిడ్డ వైపు చూశాడు. "పది దాకనైతే సదువనిద్దాం," అని టీసీ అడగకుండానే వెళ్లిపోయాడు.

పది తర్వాత ఏమవుతుందో... అయినా ఆ తండ్రికి, నేను చూడని ఆ ముసలమ్మకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

బెల్లు కొట్టాక మంగ్లీని ఆపి అడిగాను. "మరి ఆ చుక్కలవాళ్లు ఇంకా ఎందుకు రాలేదే?"

"యాడనో మంచినీళ్లు దొరికి ఆగిపోయిన్రేమో టీచర్," అంది.