ఎడమచేత్తో రాస్తున్నాను

డారెన్, ఫ్రిజ్‌లో చికెన్ సూప్ ఉంది, వేడిచేసుకో. కుక్కకి తిండి పెట్టేశాను, మళ్ళీ అడిగితే నమ్మకు.

నేను డులూత్‌లో మా అక్క ట్రూడీ ఇంటికి వెళ్తున్నాను. తనే వచ్చి తీసుకెళ్తోంది. స్టీరింగ్ పట్టుకుంటే నా వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి.

నిన్న గాజుగిన్నె చేజారి పగిలినప్పుడు, "అంట్లు తోమడం తప్పించుకోడానికి కొత్త నాటకం మొదలెట్టిందమ్మా" అని మీ అమ్మతో ఫోన్లో నవ్వావు. నేను పక్కగదిలోనే ఉన్నాను.

ఇవాళ డాక్టరమ్మ మణికట్టు నొక్కి చూసింది. కడుపుతో ఉన్నప్పుడు ఒంటికి నీరు పట్టి అక్కడి నరం నలుగుతుందట. కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుందట. పడుకునేటప్పుడు కట్టుకోమని పట్టీ ఇచ్చి, "ఎన్నాళ్ళయిందమ్మా సరిగ్గా నిద్రపోయి?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చేసింది. ఏడు వారాలుగా నీ పక్కనే లేచి కూర్చుని చేతులు విదిలించుకుంటున్నాను. ఆ ఒక్క మాట నువ్వు అడగలేదు.

ఆదివారం రావాలనిపిస్తే రా. మీ అమ్మకి ఫోన్ చేసి, నాటకం కాదని చెప్పాకే రా.

మార్నీ

పాప ఉయ్యాల ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. నీకు చెప్పకుండా రెండుసార్లు బిగించబోయాను. మరలు వేళ్ళల్లో నిలవలేదు.