నుదురు ఎగెయ్యొద్దు

ఫిబ్రవరి 9, సోమవారం

ఈపొద్దు బండల కోత ఫ్యాక్టరీలో ఒక బండ నా తలకాయకు జానెడు దూరంలో ఆగింది. గ్యాంట్రీ క్రేన్ నడిపే ఖాదర్ భాయ్ పైన క్యాబిన్‌లోనుంచి అరవకపోయింటే... అరిచినాడు. బతికినా.

కింద నిలబడి బండకు క్రేన్ హుక్కు తగిలించి, దిగినాక విప్పేవాణ్ణి నేను. పైకి చూసేదే నా పని. కుడికన్ను చూస్తాది. ఎడమకంటి రెప్ప సగం దించిన షట్టరు మాదిరి ఉండాది. మూడేండ్ల కిందట రాయిపెచ్చు తగిలి తెగింది — కుట్లేసినారు, పుండు మానింది, రెప్ప లేయలేదు.

ఇన్నాళ్ళూ టవలు దాచింది. నుదుటికి గట్టిగా బిగిస్తే చర్మం పైకి లాగి, రెప్ప కొంచెం లేస్తాది. ఎవరూ నేర్పలేదు, నేనే కనుక్కున్నా. ఈపొద్దు చెమటకు జారింది. మేస్త్రి ఓబులేసన్న చూసేసినాడు. ఉగాది లోపల బాగు చేయించుకో, లేకుంటే హుక్కు వదిలి మడ్డిగుంతలోకి దిగు అన్నాడు. రాయి కోసిన నీళ్ళ బురద పారతో ఎత్తేది. ఆ గుంతలోనుంచి హుక్కు కాడికి వచ్చేదానికి నేనెంత కొట్లాడినానో ఆయప్పకు తెలుసు. తెలిసే అన్నాడు.

ఫిబ్రవరి 10

కోపం. ఇంకేం రాయను.

ఫిబ్రవరి 12

అందరికీ తెలిసిపోయింది. పెండ్లిచూపులు ఉండాయేమో, అందుకే రెప్ప ఎత్తించుకుంటాండాడు అని ఒకడు. ముక్కు కూడా చెక్కించుకోప్పా, కోత మిషన్ మనదే గదా అని ఇంకొకడు. నవ్వినా. నవ్వకుంటే ఇంకా అంటారు.

ఫోన్‌లో చదివినా. రెప్పను లేపేదానికి లోపల ఒక కండ ఉంటాదంట. అది పనికిరాకుంటే రెప్పను నుదుటి కండకు దారంతో కట్టి లేపుతారంట. అంటే డాక్టర్లు చేసేదీ నా టవలు పనే — చర్మం లోపల.

ఫిబ్రవరి 16, సోమవారం

కర్నూలు. కడపలో మొదటి బస్సు. కంటాసుపత్రి గోడమీద పెద్ద ఫోటో, ఒకామె — కండ్లకింద సంచులు లేవు, ముడతలు లేవు. నా పక్కన కూర్చున్న పెద్దమ్మ వచ్చింది ఆ ఆపరేషన్‌కే. మనవరాలి పెండ్లి ఫోటోల్లో ముసలిదాని మాదిరి పడకూడదంట. నీది కూడా అందానికేనా నాయనా అనింది. మంచిగానే అడిగింది. నాకే మండింది.

డాక్టరు రెప్ప పట్టుకొని చూసి, చేయొచ్చు అన్నాడు. చూపుకు అడ్డమని పరీక్షలో తేలితే సర్కారు కార్డు కింద ఊరికే చేస్తారు. తేలకుంటే అందం లెక్క, మన దుడ్లతో చేయించుకోవాల. యాడ తెచ్చేది.

పరీక్ష చీకటి గదిలో. గడ్డం ఒక గిన్నెలాంటి దాంట్లో పెట్టి, కుడికన్ను మూసి, చుక్క మెరిసినప్పుడంతా బటన్ నొక్కాల. పరీక్ష చేసే పాప టవలు తీయించింది. "అన్నా, నుదురు ఎగెయ్యొద్దు, మామూలుగా చూడు" అనింది. సరే అన్నా. కనపడిన చుక్క ఒక్కటి కూడా ఇడిసిపెట్టలేదు. బాగా చేసినా. బయటికొచ్చి, బన్ను తిని టీ తాగినా.

ఫిబ్రవరి 20

ఆసుపత్రి నుంచి ఫోన్. చూపుకు అడ్డం లేదంట. అందం కోసమంట.

అందం కోసం.

ఫిబ్రవరి 21

ఆ గదిలో నేనేం చేసినానో ఇప్పుడు అర్థమయింది. నుదురు ఎగేసినా. కావాలని కాదు — ఓబులేసన్న ముందర ఇన్నేండ్లూ అట్లనే నిలబడినా, అదే నా మామూలు. పరీక్ష అంటే పాస్ కావాల అనుకున్నా. ఫెయిలయితేనే పని జరిగే పరీక్ష ఒకటి ఉంటాదని నాకెవరు చెప్పినారు? ఎనిమిదో తరగతిలో ఫెయిలయి బండలకొచ్చినోణ్ణి. పాసయి మునిగింది ఇదే మొదలు.

ఫిబ్రవరి 24

ఆసుపత్రికి ఫోన్ చేసి, మళ్ళీ పరీక్ష పెట్టండి, నుదురు ఎగేసినా అని చెప్తే — కార్డు కింద రాలేదని తెలిసినాక అందరూ ఇదే మాట చెప్తారు అనింది కౌంటరామె. అరిచినా. పెట్టేసింది. మళ్ళీ చేసి, తప్పయిందమ్మా అని బతిమాలితే మార్చి 9 ఇచ్చింది. తప్పయిందన్నందుకు ఇంకా మండుతాంది.

ఫిబ్రవరి 27

కోడుమూరు నుంచి అమ్మ ఫోన్. సామికి వెండికన్ను ఇస్తానని మొక్కుకుందంట. అంగట్లో జతగానే అమ్ముతారంట, ఒకటే ఇయ్యమని అంగడాయనతో కొట్లాడిందంట. "ఒగటే గదా నాయనా చెడింది. రెండూ ఇస్తే సామి బాగుండేదాన్ని కూడా కెలుకుతాడు." శానా దినాలకు నవ్వొచ్చింది. అంతలోనే ఆమె మీద కూడా అరిచినా. ఎందుకో.

మార్చి 3

నుదురు దించేది నేర్చుకుంటాండా. అద్దం ముందర, సిగ్గు లేకుండా. దించితే నన్నడక్కుండా మళ్ళీ ఎక్కుతాది.

టీ టైములో ఖాదర్ భాయ్ ఎదురుగా నిలబడి, అరచెయ్యి నా నుదుటిమీద అదిమి పెట్టినాడు. కుడికన్ను మూసుకో అన్నాడు. ఏం కనపడతాంది అంటే, నీ చొక్కా గుండీలు, పైన ఏం లేదు అన్నా. చెయ్యి తీసేసినాడు. ఎగతాళి చేస్తాడనుకున్నా. "ఇట్లనా రా ఇన్నాళ్ళూ నా కింద నిలబడింది?" టీ తాగకుండా పైకి పోయినాడు.

మార్చి 9, సోమవారం

మళ్ళీ కర్నూలు. అదే పాప. నా నుదురు పట్టుకోండి అని నేనే అడిగినా. అట్ల చేయకూడదంట. పక్కన నిలబడి, ఎగిరినప్పుడల్లా "అన్నా" అనింది. శానాసార్లు అనింది. తర్వాత రెప్పనే టేపుతో పైకి అతికించి ఇంకోసారి చేసింది.

పైన చుక్కలు. అంత పైన కూడా వేస్తారా వీళ్ళు... చూస్తా చూస్తా బటన్ నొక్కేది మర్చిపోయినా.

డాక్టరు పోయినసారి కాగితం, ఈసారి కాగితం పక్కపక్కన పెట్టినాడు.

"ఇంత తేడానా? ఏది అబద్ధం?"

"రెండూ నిజమే సార్. అది పనిలో నేను. ఇది నుదురు దించిన నేను."

పెన్నుకు మూత పెట్టినాడు. రెండు కాగితాలూ పైకి పంపిస్తాం, వాళ్ళే ఫోన్ చేస్తారు అన్నాడు. పైకంటే యాడికి? చెప్పలేదు.

మార్చి 14

ఫోన్ రాలేదు.

మార్చి 17

రాలేదు. ఆ పెద్దమ్మ ఈపాటికి పెండ్లిలో ఫోటోలు కూడా దిగింటాది. ఆమె మీద నాకు కోపం లేదు.

ఉండాది.

మార్చి 20, శుక్రవారం

నిన్న ఉగాది. ఈపొద్దు పనిలోకి రాంగానే ఓబులేసన్న పార తెచ్చి నా కాళ్ళకాడ పెట్టినాడు. నేను పార దాటుకొని పోయి హుక్కు కాడ నిలబడినా.

పైన బండ వచ్చింది. ఆగింది. దిగలేదు.

దించు అని ఓబులేసన్న సైగ చేసినాడు. ఖాదర్ భాయ్ క్యాబిన్ అద్దం జరిపి — "వాడు ఆడ ఉన్నంతసేపు దించను. కన్ను చేయించుకొని రానీ, దించుతా."

నా మనిషి. నన్ను తప్పుకోమంటాండేది నా మనిషే. ఓబులేసన్న అనింటే తిట్టేవాణ్ణి. ఈయన్ను ఏమని తిట్టేది?

కోత మిషన్లు ఒకొక్కటే ఆగినాయి. గుంతలో వాళ్ళు కూడా నిలబడి చూసినారు.

అన్నం గంట కొట్టినారు. అందరూ నీడకు పోయినారు. హుక్కు కాడనే కూర్చున్నా; క్యారేజీ తెరవలేదు, ఒళ్ళో పెట్టుకొని దానిమీద రాస్తాండా. బండ ఇంకా గాల్లోనే ఉండాది. భాయ్ పైనుంచి దిగలేదు.

నేనూ జరగలేదు.