అన్నీ ఒకే ఓడలో

సైటు ఆఫీసు,
జూన్ 12, గురువారం.

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లికి,

నీ తోడికోడలు ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప. నా జబ్బు పేరు నువ్వు. ఫోన్‌లో నీ గొంతు వింటే తిట్టేస్తానని ఇలా కాగితం మీద రాసి ఫోటో పంపుతున్నాను.

ఈ కంపెనీ కొనుగోళ్ల విభాగంలో నిన్ను చేర్పించిందే నేను. ఇప్పుడు తలుపులు సప్లై చేసేవాడికి ఫోన్ చేస్తే, ఉండండమ్మా, చిన్న మేడమ్‌ని అడిగి చెప్తానంటాడు. వాడి కూతురి పెళ్లికి వెళ్లింది నేను! ఇంట్లోనూ అంతే. నాలుగు దేశాల సరుకు మా చిన్నకోడలు ఒక్క ఓడలో తెప్పిస్తోందని అత్తయ్యగారు వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. మీ బావగారేమో ఔనౌనని తల ఊపుతారు. ఆయనతో మాటలు మానేశాను. ఆయన గమనించనే లేదు.

కుళ్లు అనుకుంటావేమో. కుళ్లే. నేనైతే ఉక్కు ఒకసారి, రాళ్లు ఒకసారి, లిఫ్టులు ఒకసారి తెప్పించి, ఆలస్యమైన ప్రతివాడినీ బతిమాలేదాన్ని. నువ్వు సప్లై చేసేవాళ్లందరినీ ఒకే కంప్యూటర్ స్క్రీన్ మీదికి లాక్కొచ్చావు. మన ప్రాజెక్టు పెద్దాయన మురిసిపోతున్నారు. ఈ ఓడ సవ్యంగా వస్తే కొత్త ఆసుపత్రి సైటులో కొనుగోళ్ల హెడ్ నువ్వేనట. లేకపోతే నేనట. లేకపోతే అంట! నేనేమైనా మిగిలిపోయిన సరుకునా?

నిన్న నీ సరుకు ఎక్కించే ప్లాను వచ్చింది. బరువైనవి అడుగున, తేలికవి పైన, ముచ్చటగా పేర్చావు. చూసి సంతకం పెట్టమన్నారు పెద్దాయన. చూశాను. చూసి హాయిగా నవ్వుకుని, ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను.

సరుకు ఎక్కించడానికని అంత దూరం వెళ్లావు, అక్కడి రేవు గాలి నీకు పడదు, చెవులకు గుడ్డ కట్టుకో. మా మరిది తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు.

ఇట్లు,
నీ మేలు కోరే (కోరక ఏం చేస్తాను),
అక్క.

తా.క.: సంతకం పెట్టలేదు. క్రేను పునాదిలో పాతాల్సిన బోల్టుల పెట్టెలు బరువని అడుగున పెట్టావు. మాకు ముందు కావలసినవి అవే. అవి పాతితేగాని క్రేను నిలబడదు, క్రేను లేకపోతే నీ రాళ్లూ లిఫ్టులూ ఇక్కడి రేవులోనే పడుంటాయి. ముందు వాడేది చివర ఎక్కించాలే పిచ్చిదానా! నోరు మూసుకుంటే ఆ సీటు నాదే. అయినా పొద్దున్నే అక్కడ సరుకు ఎక్కించే మేస్త్రీకి ఫోన్ చేసి, పెట్టెలు పైకి మార్చమన్నాను. చిన్న మేడమ్ చెబితేనే మారుస్తామన్నాడు, వాడి మొహం మండ! రేపే ఎక్కిస్తారు, వెంటనే చెప్పు. నేను చెప్పానని ఎవరితోనూ అనకు.

కాదు కాదు, పెద్దాయనతో మాత్రం అను.