మొదటి ముక్క

బావా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. "ఇంకెన్నాళ్ళు ఇలా కూర్చుంటావురా, వెళ్ళి ఆడుకో" అని అక్క తిడితే, ఇవాళ ఏడాది తర్వాత మన తిరువూరు క్లబ్బులో పేక పట్టి బ్రిడ్జికి కూర్చున్నాను. నీ కుర్చీలో, నాకు జోడీగా, కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు.

మొదటి ముక్క వేయాల్సొస్తే వేలంపాటలో జోడీ చెప్పిన రంగే వేయమని, ఏడో తరగతితో బడి మానేసిన నాకు నువ్వు వందసార్లు చెప్పుంటావు. చేతిలో ఏమున్నా నువ్వు చెప్పేది ఆఠీనే. నిన్ను ఉడికించడానికి కావాలనే కళావరు వేసి తిట్లు తినేవాణ్ణి.

ఇవాళ మేనేజరు ఇస్పేటు చెప్పాడు. ఆట ఎదుటివాళ్ళు తీసుకున్నారు, మొదటి ముక్క నాది. ఆలోచించకుండా ఆఠీను వేశాను.

"అదేంటండీ! నేను చెప్పింది ఇస్పేటు కదా?" అన్నాడాయన.

"వాడంతే సార్, కొత్తవాళ్ళని ఇలాగే ఏడిపిస్తాడు" అన్నారు ఎదుటి జట్టులో ఆడుతున్న శాస్త్రిగారు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను. ఆ కుర్చీలోంచి నాకు నీ మాటే వినబడింది బావా. ఇన్నేళ్ళకి ఏడిపించకుండా నీ రంగు వేస్తే, చూడ్డానికి నువ్వు లేవు.