పలక దాటి వస్తాను

చెల్లీ ఫుసయే, విరిగిన తుంటి అతుక్కుంది, కులాసాగా ఉన్నాను.

పడవకూ రేవుకూ మధ్య వేసే పలక మీద నేనిక నిలబడలేననీ, దీవికి రాకుండా పట్నంలోనే వృద్ధాశ్రమంలో చేరమనీ రాశావు. నిన్న జరిగింది విను. కసరత్తు నేర్పే కురిహర అనే అమ్మాయి సినిమాలా బొమ్మ చూపించే పెద్ద అద్దాలు నా కళ్ళకు తగిలించింది. వాటిలో చూస్తే కింద ఏరు, దాని మీద ఊగే పలక. నిజానికి నేనున్నది ఆసుపత్రి గదిలోనే, పడిపోకుండా నడుముకు పట్టీ కూడా ఉంది. అయినా మొదటి అడుగుకే ఆగిపోయాను. నాతోపాటు నేర్చుకునే ఒకబె అనే పెద్దాయన, "ఏమ్మా, గచ్చు మీద మునిగిపోతావా?" అని నవ్వారు. "నవ్వింది చాలు, తమరు రండి" అన్నాను. ఆయన రెండో అడుగుకే కురిహర చెయ్యి పట్టుకున్నారు. నేను మళ్ళీ ఎక్కాను. సగం దూరంలో పలక ఒరిగింది, ఒళ్ళు తూలింది, కానీ కాలు తనంతట తానే పక్కకు పడి నన్ను ఆపింది. ఎవరినీ పట్టుకోకుండా అవతలికి చేరాను.

"ఇది బొమ్మే మామ్మగారూ, సముద్రం వేరు" అంది కురిహర.

"సముద్రం నాకు తెలుసులే, కాలికే మళ్ళీ చెప్పాలి" అన్నాను.

ముల్లంగి ఊరగాయను అదిమిపెట్టిన రాయి బరువు చాలుతోందా? నా గదిలో వలలు పెట్టావట, తీసెయ్యి.

శనివారం పొద్దుటి పడవకు వస్తున్నాను. డాక్టరు సరేనన్నారు. ఇంట్లో మెట్లు చూడటానికి కురిహర కూడా వస్తుంది. పిల్లలకు దీవెనలు. నువ్వు రేవుకు రా, చేతులు మాత్రం వెనక్కి కట్టుకుని నిలబడు.

మీ అక్క తొమియె